డిజిటల్ గేమ్ లైబ్రరీ నుంచి ఆటల శాశ్వత తొలగింపు

కొన్న ఆటనో, ఉచితంగా తీసుకున్న ఆటనో, ఒకసారి దించుకుని వదిలేసిన ఆటనో ఆన్‌లైన్ ఖాతాలోని జాబితా నుంచి మళ్ళీ కనిపించకుండా తీసివేయడమే శాశ్వత తొలగింపు. ఫోన్‌లోంచో కంప్యూటర్‌లోంచో ఆటను అన్‌ఇన్‌స్టాల్ చేయడం ఒక పని. జాబితాలో కనపడకుండా హైడ్ చేయడం ఇంకో పని. ఖాతాలో ఆ ఆట మీద ఉన్న హక్కును వదులుకోవడం వేరే పని. వాడుకలో ఈ మూడింటినీ కలిపి ‘డిలీట్ కొట్టడం’ అనేస్తారు. తీసేశామనుకున్న ఆట నాలుగు రోజుల తర్వాత మళ్ళీ జాబితాలో కనిపిస్తే జనం బిత్తరపోయేది అందుకే.

నెల్లూరు జిల్లా పశ్చిమాన ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట మండలాల్లో గేమ్ లైబ్రరీ అంటే చాలామందికి ఫోన్‌లోని ప్లే స్టోరే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఊరూరా స్మార్ట్‌ఫోన్లు చేరాయి. 2020లో కరోనా వచ్చి ఆన్‌లైన్ తరగతులు మొదలయ్యాక పిల్లల చేతికి ఫోన్ ఇవ్వక తప్పలేదు. బెంగళూరులోనో హైదరాబాదులోనో చదువుకునే, ఉద్యోగం చేసే కుర్రాళ్ళ ల్యాప్‌టాప్‌లలో స్టీమ్, ఎపిక్ లాంటి పీసీ లైబ్రరీలు ఉంటాయి. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు ఆ ల్యాప్‌టాప్ తమ్ముళ్ళ చేతికీ వెళ్తుంది. తొలగింపు అవసరం ఈ రెండు చోట్లా ఒకటి కాదు. ఫోన్‌లో మెమరీ నిండిపోతుంది, పిల్లలు వదలరు. ల్యాప్‌టాప్‌లో డబ్బు పెట్టి కొన్న హక్కును ఏం చేయాలన్నది ప్రశ్న.

ఒక ఆట, మూడు చోట్లు

డిజిటల్ ఆట ఒకే చోట ఉండదు. దాని ఫైళ్ళు మన పరికరంలో ఉంటాయి. ఆడుకునే అనుమతి, అంటే లైసెన్సు, అమ్మిన కంపెనీ సర్వర్లో మన ఖాతా పేరు మీద ఉంటుంది. ఎంతసేపు ఆడాం, ఏ స్థాయికి చేరాం, ఎవరితో ఆడాం, ఎంత ఖర్చు పెట్టాం అనే చిట్టా చాలాసార్లు మూడో చోట, ఆట తయారుచేసిన కంపెనీ దగ్గర ఉంటుంది. మొదటిదాన్ని తీసేయడం పూర్తిగా మన చేతిలో పని. రెండోది దుకాణం ఒప్పుకుంటేనే సాగుతుంది. మూడోదాన్ని తుడిపించాలంటే విడిగా అడగాలి, అడిగినా అంతా పోతుందన్న నమ్మకం లేదు.

లైసెన్సు సంగతి మెట్ట రైతుకు తేలిగ్గానే అర్థమవుతుంది. కౌలుకు తీసుకున్న పొలంలో దున్నుకోవచ్చు, పండించుకోవచ్చు. అమ్ముకోవడానికి లేదు, పట్టా మన పేరున రాదు. డిజిటల్ ఆటా అంతే. ‘కొనండి’ అని రాసి ఉన్న బటన్ నొక్కినా చేతికొచ్చేది ఆడుకునే అనుమతే. ఈ మాటను కొనేవాళ్ళకు స్పష్టంగా చెప్పి తీరాలని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసింది. అది 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందే, 2024 అక్టోబరులో, స్టీమ్ తన చెల్లింపు పేజీలో ఈ గమనికను చేర్చింది. మన దేశంలో కొనేవాళ్ళకూ అది కనిపిస్తుంది, కాకపోతే ఇంగ్లీషులో. స్టీమ్‌కు తెలుగు తెర లేదు. ప్లే స్టోర్‌కు ఉంది.

పాతకాలపు ఆటల్లో ఈ గొడవే లేదు. 1990లలో టీవీకి తగిలించే గేమ్ డబ్బాల క్యాసెట్ల మీద ‘9999 ఇన్ 1’ అని ఉండేది. లోపల నిజంగా ఉన్నవి గుప్పెడు ఆటలే, పేర్లు మార్చి మళ్ళీ మళ్ళీ చూపేవారు. అవి చిప్‌లో అచ్చయి ఉంటాయి గనక ఇష్టం లేని ఆటను తీసేసే దారి లేదు. క్యాసెట్ పీకి ఇంకొకరికి ఇచ్చేయడమే. నోకియా ఫోన్లలోని పాము ఆట కూడా ఫోన్‌తో పాటే వచ్చి, ఫోన్‌తో పాటే పోయింది. తీసేయడమనే సమస్య ఆటలకు ఖాతాలు, సర్వర్లు వచ్చిన తర్వాత పుట్టింది.

పీసీ లైబ్రరీలు

పీసీ ఆటల దుకాణాల్లో పెద్దది స్టీమ్. అమెరికాకు చెందిన వాల్వ్ కంపెనీ దీన్ని 2003 సెప్టెంబరులో మొదలుపెట్టింది. 2004 నవంబరులో వచ్చిన హాఫ్-లైఫ్ 2 ఆడాలంటే స్టీమ్ ఖాతా తప్పనిసరి చేసింది. ఆటను ఖాతాకు కట్టేసే పద్ధతి జనానికి అలవాటైంది అక్కడి నుంచే. 2015 నుంచి స్టీమ్ రూపాయల్లో ధరలు చూపిస్తోంది. పండగ సేల్స్‌లో వంద, రెండు వందల రూపాయలకు కొన్నవీ, ఒక్క ఆట కోసం పది ఆటల మూటగా కొన్నవీ, ఊరికే ఇస్తున్నారని తీసుకున్నవీ కలిసి రెండు మూడేళ్ళలో లైబ్రరీ వందలకు చేరుతుంది. వాటిలో తెరిచి చూడనివే ఎక్కువ.

స్టీమ్‌లో శాశ్వత తొలగింపుకు అధికారికమైన దారి ఉంది, కాకపోతే లైబ్రరీ పేజీలో అన్‌ఇన్‌స్టాల్ ఎదురుగా ఉన్నట్టు ఇది ఉండదు. లైబ్రరీలో ఆట పేజీ తెరిచి సపోర్ట్ విభాగానికి వెళ్ళాలి. ఈ ఆటతో మీకొచ్చిన ఇబ్బంది ఏమిటని ఒక వరుస కనిపిస్తుంది: ఆట తెరుచుకోవడం లేదు, డబ్బు వెనక్కి కావాలి, ఇలాంటివి. వాటితో పాటు ఈ ఆటను నా ఖాతా నుంచి శాశ్వతంగా తీసేయాలి అనే అర్థంతో ఒక వరుస ఉంటుంది. దాన్ని నొక్కితే ఏయే ఆటలు పోతాయో చూపించి, ఖాయమేనా అని మరోసారి అడుగుతుంది. ఈ పేజీని చదవకుండా దాటేయకూడదు. మూటగా, అంటే ఒకే ప్యాకేజీగా వచ్చిన ఆటల్లో ఒకదాన్ని తీసేయాలనుకుంటే ఆ ప్యాకేజీలోని ఆటలన్నీ కలిసి పోతాయి. పనికిరాని అనుబంధాన్ని వదిలించుకోబోయి అసలు ఆటను పోగొట్టుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. ఇలా తీసేసినందుకు డబ్బు వెనక్కి రాదు.

డబ్బు వెనక్కి కావాలంటే దారి వేరు. కొన్న 14 రోజుల లోపు, ఆడినది 2 గంటల లోపు అయితే స్టీమ్ రీఫండ్ ఇస్తుంది. 2015 జూన్ నుంచి ఈ పద్ధతి ఉంది. రీఫండ్ ఇచ్చాక ఆట కూడా ఖాతాలోంచి పోతుంది. కాబట్టి కొత్తగా కొన్న, నచ్చని ఆటకు అసలైన తొలగింపు ఇదే. ఆ గడువు దాటితేనే ముందు చెప్పిన దారి పట్టాలి. ఉచితంగా ఆడే ఆటల విషయంలో శాశ్వతం అన్న మాటకు బలం తక్కువ. తీసేసిన మర్నాడే మళ్ళీ ‘ప్లే’ నొక్కితే అది తిరిగి లైబ్రరీలో చేరిపోతుంది.

చిట్టా మాత్రం మొండిది. ఆటలో మోసం చేసి పట్టుబడినవాళ్ళ మీద స్టీమ్ వేసే ‘వ్యాక్’ నిషేధం ఖాతాకు అంటుకునే ఉంటుంది. నిషేధం పడిన ఆటను లైబ్రరీలోంచి తీసేసినా ఆ మచ్చ పోదు. ఆట సేవ్ ఫైళ్ళు కూడా అంతే. అన్‌ఇన్‌స్టాల్ చేశాక కూడా కంప్యూటర్‌లో డాక్యుమెంట్స్‌లోనో యాప్‌డేటా ఫోల్డర్లోనో మిగిలి ఉంటాయి. స్టీమ్ క్లౌడ్ వాడే ఆట అయితే అక్కడ ఇంకో నకలు ఉంటుంది.

అంతదాకా పోనక్కర్లేదు అనుకునేవాళ్ళకు హైడ్ ఉంది. దాచిన ఆట మామూలు జాబితాలో కనపడదు, కావాలనుకుంటే దాచినవన్నీ ఒకచోట చూడవచ్చు. 2024లో స్టీమ్ ‘ప్రైవేట్’ అనే గుర్తు కూడా ఇచ్చింది. అది పెట్టిన ఆట మన దగ్గర ఉన్నట్టూ, ఆడుతున్నట్టూ స్నేహితులకు తెలియదు. అదే ఏడాది వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఆరుగురి దాకా ఒకరి ఆటలు ఒకరు ఆడుకోవచ్చు. పెద్దలు పిల్లలకు ఏ ఆట కనపడాలో, ఏది వద్దో ఎంచుకోవచ్చు. అన్న ల్యాప్‌టాప్ తమ్ముడి చేతికి వెళ్ళే ఇళ్ళలో శాశ్వత తొలగింపు కన్నా ఈ ఏర్పాటే ఎక్కువ పనికొస్తుంది.

మిగతా దుకాణాలు ఇంత దూరం రావు. 2018 డిసెంబరులో మొదలై, వారం వారం ఉచిత ఆటలు పంచే ఎపిక్ గేమ్స్ స్టోర్‌లోనూ, ప్లేస్టేషన్‌లోనూ ఇష్టంలేని ఆటను దాచిపెట్టడమే మామూలు పద్ధతి. 2008లో మొదలైన జీఓజీ తీరు వేరు. అక్కడ కొన్న ఆటకు తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ ఫైలును దించుకుని పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే ఖాతాతో నిమిత్తం లేకుండా ఎన్నాళ్ళైనా ఆడుకోవచ్చు. అంటే జీఓజీ ఆటను శాశ్వతంగా తీసేయాలనుకుంటే మన నకళ్ళను మనమే వెతికి చెరిపేసుకోవాలి. తాళం లేని సరుకుకు ఆ మాత్రం చాకిరీ తప్పదు మరి.

తీసేసే ముందు మళ్ళీ దించుకోవడానికి అయ్యే ఖర్చు కూడా చూసుకోవాలి. పెద్ద పీసీ ఆటలు 100 జీబీ దాటుతున్నాయి. సెకనుకు 10 మెగాబిట్ల ఇంటి కనెక్షన్ మీద 100 జీబీ దిగడానికి దాదాపు 22 గంటలు పడుతుంది, అదీ కరెంటు పోకుండా ఉంటే. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ఫోన్ ప్లాన్ హాట్‌స్పాట్ మీద అయితే 67 రోజులు. లైసెన్సు వదులుకోకుండా ఉత్త అన్‌ఇన్‌స్టాల్ చేసినా సీతారామపురంలోనో మర్రిపాడులోనో ఉన్న కుర్రాడికి అది దాదాపు శాశ్వత తొలగింపే.

ఫోన్ లైబ్రరీలు

సెల్ షాపుల్లో రోజూ వినపడే మాట ఇది: ‘మా అబ్బయ్య సెల్లు వదలడం లేదు, ఆ ఆటలన్నీ పీకెయ్ నాయనా.’ షాపు కుర్రాడు తెర మీద బొమ్మను వేలితో నొక్కిపట్టి అన్‌ఇన్‌స్టాల్‌లో పడేస్తాడు. పది నిమిషాల పని. ఇంటికి వెళ్ళగానే అబ్బయ్య ప్లే స్టోర్ తెరిచి అవే ఆటలు మళ్ళీ దించుకుంటాడు. స్టోర్‌లోని జాబితా ఎక్కడికీ పోలేదు మరి.

ఆ జాబితాను చూడాలంటే ప్లే స్టోర్‌లో పైన కుడివైపున్న మన బొమ్మను నొక్కి, యాప్‌లను, డివైస్‌ను మేనేజ్ చేసే పేజీకి వెళ్ళాలి. అక్కడ ‘మేనేజ్’ విభాగంలో ‘ఇన్‌స్టాల్ చేసినవి’ అని ఉన్నచోట ‘ఇన్‌స్టాల్ చేయనివి’ ఎంచుకుంటే ఆ ఖాతాతో గతంలో దించుకున్నవన్నీ బారులు తీరతాయి. ఎప్పుడో 2017లో పాత ఫోన్‌లో ఆడి మరిచిపోయినవి కూడా అక్కడ ఉంటాయి. వద్దనుకున్నవాటికి టిక్ పెట్టి చెత్తబుట్ట గుర్తు నొక్కితే జాబితాలోంచి పోతాయి. కానీ డబ్బు పెట్టి కొన్న ఆట అయితే హక్కు పోదు. పేరు పెట్టి వెతికితే ధర అడగకుండానే ఇన్‌స్టాల్ బటన్ చూపిస్తుంది. ఐఫోన్‌లోనూ అంతే. కొన్నవాటి జాబితాలో ఆటను హైడ్ చేయవచ్చు, ఖాతాలోంచి తుడిచేయడానికి వీల్లేదు. ఫోన్ లోకంలో కొన్న ఆటకు శాశ్వత తొలగింపు అనేదే లేదని చెప్పాలి.

ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా ఇదే కథ. పాత ఫోన్ అమ్మేటప్పుడు రీసెట్ చేస్తే ఫైళ్ళు పోతాయి. కొత్త ఫోన్‌లో అదే జీమెయిల్‌తో లాగిన్ కాగానే పాత జాబితా మొత్తం తిరిగొస్తుంది. రీసెట్‌కు ముందే ఫోన్‌లోంచి గూగుల్ ఖాతా తీసేయకపోతే ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్నవాడు ఫోన్ తెరవబోతే పాత ఖాతా పాస్‌వర్డ్ అడగవచ్చు.

కొన్ని ఆటలు ప్లే స్టోర్ మొహమే చూడకుండా ఫోన్లలోకి చేరతాయి. డేటా ఖరీదుగా ఉన్న రోజుల్లో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు షేర్‌ఇట్‌లోనో జెండర్‌లోనో ఏపీకే ఫైలు, అంటే ఆట ఇన్‌స్టాలర్, పంపుకునేవారు. ఈ రెండు యాప్‌లూ 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఉన్నాయి. అలా వచ్చిన ఆటను అన్‌ఇన్‌స్టాల్ చేసినా డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఏపీకే ఫైలు అలాగే ఉంటుంది, దాన్ని నొక్కితే ఆట మళ్ళీ సిద్ధం. తొలగింపు పూర్తి కావాలంటే ఫైల్ మేనేజర్ తెరిచి దాన్నీ చెరిపేయాలి. కొత్త ఫోన్‌తో పాటే కంపెనీ ఎక్కించి పంపే ఆటల్లో కొన్నింటికి అన్‌ఇన్‌స్టాల్ ఉండదు, డిసేబుల్ మాత్రమే ఉంటుంది.

డబ్బు వ్యవహారంలో జనం ఎక్కువగా పొరబడేది ఒకచోట. ఆటను తీసేస్తే నెలవారీ చందా కూడా ఆగిపోతుందనుకుంటారు. ఆగదు. ప్లే స్టోర్‌లోనే చెల్లింపులు, సబ్‌స్క్రిప్షన్‌ల పేజీకి వెళ్ళి విడిగా రద్దు చేయాలి. యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే యూపీఐ యాప్‌లో ఆ మాండేట్‌ను కూడా చూసుకోవాలి. ఆట పోయిన ఆరు నెలలకు కూడా ఖాతాలోంచి డబ్బు కోత పడుతోందంటే కారణం సాధారణంగా ఇదే.

పిల్లల విషయంలో గూగుల్ ఫ్యామిలీ లింక్ ఒక మధ్యేమార్గం. పిల్లవాడి ఖాతా తల్లిదండ్రుల ఖాతాకు ముడిపడి, ఏ యాప్ దించుకోవాలన్నా పెద్దల అనుమతి అడుగుతుంది. అనుమతి లేని ఆటను బ్లాక్ చేయవచ్చు. అయితే అమ్మ ఫోన్‌నే అమ్మ జీమెయిల్‌తో పిల్లవాడు వాడే ఇంట్లో ఇది పనిచేయదు. ఒక ఇంట్లో ఒకే మంచి ఫోన్ ఉన్నచోట ఈ ఏర్పాట్లకు విలువ తక్కువ.

ప్రభుత్వ బడుల్లో ఇంకో పద్ధతి చూశాం. 2022 డిసెంబరు 21 నుంచి రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. తొలి విడతలో టీచర్లతో కలిపి 5 లక్షలకు పైగా ఇచ్చారు. పాఠాలకు సంబంధం లేని యాప్‌లు, సైట్‌లు రాకుండా దూరం నుంచే అదుపు చేసే సాఫ్ట్‌వేర్ వాటిలో పెట్టామని ప్రభుత్వం చెప్పింది. ఇక్కడ ఏ ఆట ఉండాలో, ఏది పోవాలో తేల్చేది ట్యాబ్ పట్టుకున్నవాడు కాదు. ఉద్యోగస్తుల ఆఫీసు ల్యాప్‌టాప్‌లలోనూ ఇదే విధానం నడుస్తోంది.

ఉత్తర్వుతో పోయిన ఆటలు

ఆటగాడు తనంతట తాను తీసేసుకున్న ఆటల కన్నా ప్రభుత్వం తీయించిన ఆటలే ఈ ప్రాంతంలో ఎక్కువ మందిని తాకాయి. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్‌జీ మొబైల్ ఉంది. రెండు రోజుల్లో ప్లే స్టోర్, యాప్ స్టోర్‌లలో కనిపించకుండా పోయింది. కానీ అప్పటికే ఫోన్‌లో ఉన్న ఆట మామూలుగా నడిచింది. సర్వర్లు మూసింది అక్టోబరు 30న. దాదాపు రెండు నెలలు దుకాణంలో లేని ఆటను జనం ఆడుతూనే ఉన్నారు. 2021 జూలైలో క్రాఫ్టన్ కంపెనీ అదే ఆటను బీజీఎంఐ పేరుతో తెచ్చినప్పుడు పాత పబ్‌జీ ఖాతా వివరాలను కొత్తదానిలోకి మార్చుకునే వీలు ఇచ్చింది. ఫైళ్ళూ అనుమతీ పోయినా చిట్టా మాత్రం ఎక్కడో భద్రంగానే ఉందన్నమాట.

2022 జూలై 28న బీజీఎంఐ కూడా స్టోర్లలోంచి పోయింది. ఈసారి సర్వర్లు మూయలేదు, ఫోన్‌లో ఉన్నవాళ్ళు ఆడుకున్నారు. అన్‌ఇన్‌స్టాల్ చేసినవాడికే నష్టం. ఫోన్ మార్చినవాళ్ళు, మెమరీ చాలక తీసేసినవాళ్ళు 2023 మేలో అది తిరిగి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అదే 2022లో ఫిబ్రవరి 14న నిషేధం పడిన 54 యాప్‌లలో ఒకటిగా ఫ్రీ ఫైర్ పోయింది, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. పాత ఖాతాతోనే మ్యాక్స్‌లోకి వెళ్ళే వీలుండడంతో పిల్లలకు పెద్దగా తేడా తెలియలేదు.

పందెం ఆటలది ఇంకో దారి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1974లో చేసిన గేమింగ్ చట్టం పేకాట స్థావరాల కోసం పుట్టింది. అంతకు ముందే, 1967లో, సికిందరాబాదు క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యంతో ఆడే ఆటగా తేల్చింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు దశాబ్దాల తర్వాత చూపించిన అండ ఆ తీర్పే. తెలంగాణ 2017లో తన చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2020 సెప్టెంబరు 3న అదే నిర్ణయం తీసుకుంది. నిర్వాహకులు మొదటిసారి దొరికితే ఏడాది జైలు, రెండోసారి రెండేళ్ళు, ఆడేవాళ్ళకు ఆరు నెలలు అని ప్రకటించారు. అక్టోబరులో ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి 132 సైట్‌లు, యాప్‌ల జాబితాతో కేంద్ర ఐటీ మంత్రి రవిశంకర్ ప్రసాద్‌కు లేఖ రాసి, వాటిని రాష్ట్రంలో బ్లాక్ చేయించమని కోరారు. అప్పట్లో రాష్ట్ర ఐటీ, పరిశ్రమల శాఖల మంత్రి ఆత్మకూరు ఎమ్మెల్యే మేకపాటి గౌతమ్ రెడ్డి.  సొంత నియోజకవర్గంలో జనం ఫోన్లలో ఏ ఆట ఉండాలనేది ఐటీ మంత్రి చేతిలోని విషయం కాదని ఆ లేఖే చెబుతోంది. యాప్ బ్లాక్ చేసే అధికారం ఢిల్లీది, రాష్ట్రం కోరగలదు అంతే.

కంపెనీలు చేసిందేమిటంటే యాప్‌ను ఫోన్లలోంచి తీయకుండా, ఆటగాడు ఎక్కడున్నాడో చూసి తలుపు వేయడం. డ్రీమ్11 లాంటి యాప్‌లు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉన్నవాళ్ళను డబ్బు పోటీల్లోకి రానివ్వలేదు. ఆత్మకూరు బస్టాండులో పనిచేయని పోటీ, అదే ఫోన్‌లో, అదే ఖాతాతో, బెంగళూరులో దిగగానే తెరుచుకునేది. కర్ణాటక కూడా 2021 అక్టోబరులో నిషేధం తెచ్చింది కానీ అక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో దాన్ని కొట్టేసింది. ఊరికి ఊరే బెంగళూరుకు రాకపోకలు సాగించే మెట్ట మండలాల్లో ఈ నిషేధం సగం నిషేధమే అయింది.

ఆ తేడాను 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చెరిపేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం దొరికింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, దేశమంతటా నిషేధించింది. నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాళ్ళకు శిక్ష లేదు. ఈ ఒక్క విషయంలో కేంద్ర చట్టం రాష్ట్రం 2020లో ప్రకటించినదాని కన్నా సబబుగా ఉంది. అప్పులపాలైనవాణ్ణి మళ్ళీ జైల్లో పెట్టడం వల్ల ఏ ఇల్లూ బాగుపడదు. రోజుల్లోనే పెద్ద కంపెనీలు డబ్బు పోటీలు ఆపేశాయి. ఫోన్‌లో యాప్ మిగిలినా లోపల ఆడేందుకు పందెం లేదు. ఇలాంటి యాప్‌ను తీసేసే ముందు వాలెట్‌లో మిగిలిన డబ్బును బ్యాంకు ఖాతాకు మార్చుకోవాలి. యాప్ తీసేస్తే వాలెట్ తనంతట తాను ఖాళీ అయి మన చేతికి రాదు.

కంపెనీ తీసేస్తే

వద్దనుకున్న ఆటను తీసేయడానికి ఇన్ని మెలికలు ఉండగా, కావాలనుకున్న ఆటను కంపెనీ ఒక్క దెబ్బతో తీసేయగలదు. యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో విడుదలైన తన కార్ల ఆట ‘ద క్రూ’ సర్వర్లను 2024 మార్చి 31న మూసేసింది. ఆ తర్వాత, అప్పటికే కొన్నవాళ్ళ లైబ్రరీల్లోంచి లైసెన్సును కూడా వెనక్కి తీసుకుంది. దీని మీద అమెరికన్ యూట్యూబర్ రాస్ స్కాట్ మొదలుపెట్టిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమానికి యూరప్‌లో 2025 జూలై నాటికి పది లక్షల సంతకాలు దాటాయి. వాళ్ళు అడిగేది సర్వర్లను ఎప్పటికీ నడపమని కాదు. ఆపేసేటప్పుడు ఆటను ఏదో ఒక రూపంలో ఆడుకునే స్థితిలో వదిలిపెట్టమని అడుగుతున్నారు.

ఒకసారి మాత్రం దీనికి భిన్నంగా జరిగింది. వియత్నాంకు చెందిన డాంగ్ న్యూయెన్ తన ‘ఫ్లాపీ బర్డ్’ను 2014 ఫిబ్రవరిలో తనే స్టోర్లలోంచి తీసేసుకున్నాడు. జనం దానికి మరీ బానిసలైపోతున్నారన్నది ఆయన చెప్పిన కారణం. అప్పటికే దించుకున్నవాళ్ళ ఫోన్లలో అది అలాగే పనిచేసింది. సర్వర్‌తో పని లేని ఆట కావడంతో ఫైలు ఉన్నవాడిదే ఆట.

మానేయడం కోసం తీసేయడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను తన వ్యాధుల పట్టికలో చేర్చింది. 2019 మేలో ఆమోదించిన ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమలులో ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఇలాంటి వాడకం సమస్యల కోసం ‘షట్’ పేరుతో ఒక క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. ఆటను డిలీట్ కొట్టడం ఈ రోగానికి మందు కాదు. అయితే అడ్డంకి ఎంత పెద్దదన్నది లెక్కలోకి వస్తుంది. ప్లే స్టోర్‌లోంచి తీసేసిన ఉచిత ఆట రెండు నిమిషాల్లో వెనక్కి వస్తుంది. స్టీమ్‌లో హక్కు వదులుకున్న ఆట కావాలంటే మళ్ళీ జేబులోంచి డబ్బు తీయాలి. మానాలనుకునేవాడికి ఆ రెండోదే కొంత ఊపిరి ఇస్తుంది. ఆట తయారీదారు దగ్గరి ఖాతాను కూడా రద్దు చేసుకుంటే ఇంకా గట్టి అడ్డంకి. ఏళ్ళ తరబడి పోగేసిన స్థాయిలు, కొన్న ఆయుధాలు, వేషాలు పోయాక తిరిగి మొదటి మెట్టు నుంచి ఎక్కాలంటే చాలామందికి మనసొప్పదు.

ఖాతానే తీసేయడం

చిట్టాతో సహా తుడిచేయడానికి మిగిలిన దారి ఖాతా రద్దు. లాగిన్ ఖాతా ఉండే యాప్‌లు లోపలే ఖాతాను తీసేసుకునే వీలు ఇవ్వాలని ఆపిల్ 2022 జూన్ 30 నుంచి నియమం పెట్టింది. గూగుల్ కూడా తర్వాత అదే బాట పట్టి, యాప్ తీసేసినవాళ్ళు వెబ్ ద్వారా అడిగే దారి కూడా ఉండాలంది. కాబట్టి ఆటను అన్‌ఇన్‌స్టాల్ చేయడానికి ముందే దాని సెట్టింగ్స్‌లో ఖాతా తొలగింపు వెతుక్కోవడం తేలిక. గూగుల్ ప్లే గేమ్స్ సెట్టింగ్స్‌లో ఒక్కో ఆట డేటాను విడివిడిగా చెరిపే ఏర్పాటు కూడా ఉంది. స్టీమ్ ఖాతా రద్దు కోరితే 30 రోజుల గడువు ఇస్తుంది. ఆ లోపు మనసు మారితే ఆపుకోవచ్చు. గడువు ముగిస్తే ఖాతాతో పాటు కొన్న ఆటలన్నీ పోతాయి. స్టీమ్ ఖాతాను ఇంకొకరి పేరు మీదకు మార్చడం, వీలునామా రాసి పిల్లలకు ఇవ్వడం కంపెనీ నిబంధనల ప్రకారం కుదరదు.

మన దేశంలో 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తమ వివరాలను చెరిపేయమని కంపెనీని అడిగే హక్కు ఇచ్చింది. 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. వేరే చట్టం ప్రకారం దాచి ఉంచాల్సిన వివరాలకు ఈ చెరిపివేత వర్తించదు. డబ్బు లావాదేవీల రికార్డులు ఈ కోవలోకే వస్తాయి. ఆట పోయినా, ఖాతా పోయినా, దాని కోసం కట్టిన 199 రూపాయల లెక్క బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటుంది.